టెక్సస్‌లో డాలస్ దగ్గరి ప్లేనోలో అత్తయ్య, మావయ్య, స్ట్రోలర్ అందరూ కలిసి నడవగలిగే సిమెంటు దారి ఉన్న పార్కు ఏది?

తెనాలి_కోడలు:
నమస్తే అండి. అత్తయ్య, మావయ్య పోయిన వారం తెనాలి నుంచి వచ్చారు, అక్టోబరు దాకా ఉంటారు. మావయ్య అక్కడ రోజూ పొద్దున్నే కాలేజీ గ్రౌండులో నడిచి, టీ కొట్టు దగ్గర పేపరు చదివి, నలుగురితో మాట్లాడి ఇంటికొచ్చే మనిషి. ఇక్కడ మేమిద్దరం పనికి కూర్చున్నాక ఆయన కిటికీ దగ్గర నిలబడి ఖాళీ రోడ్డు చూస్తుంటే నా ప్రాణం ఉసూరుమంటోంది. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, రాళ్లూ మట్టీ ఉంటే నడవలేరు. పైగా నాలుగేళ్ల బాబు, స్ట్రోలర్‌లో పాప. ఆర్బర్ హిల్స్ బాగుంటుందని అందరూ అంటున్నారు, కానీ పేరులోనే కొండలున్నాయి కదా, అత్తయ్య నడవగలరా? ఎవరైనా పెద్దవాళ్లను తీసుకెళ్లి ఉంటే చెప్పండి.

పార్కర్_రోడ్:
తప్పకుండా తీసుకెళ్లండి, కాకపోతే మొత్తం చుట్టి రావాలని మాత్రం అనుకోవద్దు. ఆర్బర్ హిల్స్ 200 ఎకరాలు, అందులో సిమెంటు దారి 3 మైళ్ల దాకా ఉంటుంది, మిగతావి మట్టి దారులు. సిమెంటు దారి వెడల్పుగా, స్ట్రోలర్‌కు హాయిగా ఉంటుంది, కానీ వ్యూ టవర్ వైపు ఎత్తు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఎక్కడం కన్నా దిగడమే కష్టం, మా అమ్మ ఎక్కేటప్పుడు ఏమీ అనలేదు, దిగేటప్పుడు నా భుజం వదల్లేదు. అందుకని మొదటిసారి పార్కింగ్ దగ్గర ఆట స్థలంలో బాబును కాసేపు ఆడనిచ్చి, అక్కడి నుంచి అత్తయ్యగారు ఎంత దూరం పోదామంటే అంత దూరం పోయి, అదే దారిలో వెనక్కి వచ్చేయండి. సగం దూరం పోయాక ఆవిడ అలసిపోతే మిగతా సగం నడవక తప్పదు కదా, రౌండు కొట్టడంలో ఉన్న చిక్కు అదే. మావయ్యగారికి ఇంకా నడవాలనిపిస్తే మీ ఆయన్ని తోడిచ్చి పంపండి, మీరు బెంచీ మీద కూర్చోండి. శని, ఆదివారాలు పార్కింగ్ తొందరగా నిండిపోతుంది, పొద్దున్నే వెళ్లాలి.

రౌలెట్_క్రీక్:
రోజువారీ నడకకైతే నేను ఓక్ పాయింట్ పార్కే చెప్తాను అక్కా. రౌలెట్ క్రీక్ పక్కనే సిమెంటు దారి, చాలావరకు చదునుగా ఉంటుంది, అలాగే ముందుకు పోతే బాబ్ వుడ్రఫ్ పార్కులో కలుస్తుంది. అక్కడ చాలా పాత బర్ ఓక్ చెట్టు ఒకటుంది, మావయ్యగారికి చూపించండి. పెద్ద వాన పడిన మర్నాడు మాత్రం వెళ్లొద్దు, వాగు పొంగిన చోట సిమెంటు మీద సన్నటి బురద పేరుకుని జారుతుంది. పెద్దవాళ్లు పడితే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది, విజిటర్ ఇన్సూరెన్స్ ఉన్నా ఆసుపత్రి బిల్లుల తలనొప్పి మామూలుగా ఉండదు. ఇంట్లో వేసుకునే చెప్పులతో కాకుండా మంచి బూట్లు కొనిపెట్టండి, చీర మీదకు బూట్లేంటని మొదట మొహమాటపడతారు, రెండు రోజులకు అలవాటవుతుంది.

ఇంకో మాట, సైకిళ్లు. వెనకనుంచి "ఆన్ యువర్ లెఫ్ట్" అని అరుస్తారు, అంటే మీ ఎడమ పక్కనుంచి దాటిపోతున్నామని. మన పెద్దవాళ్లు ఆ అరుపుకి ఆగి, వెనక్కి తిరిగి చూస్తూ దారి మధ్యకి వస్తారు, సరిగ్గా సైకిల్ వచ్చే వైపుకి. కేక వినబడినా, బెల్లు వినబడినా వెనక్కి చూడకుండా కుడి అంచుకు జరిగిపొమ్మని ముందే చెప్పి, ఒకసారి చేసి చూపించండి. నలుగురూ వరసగా దారంతా పరుచుకుని నడవడం కూడా వద్దు.

తెనాలి_కోడలు:
చాలా థాంక్స్ అండి, సైకిళ్ల సంగతి అసలు తట్టలేదు. సాయంత్రం తీసుకెళ్లొచ్చా? పొద్దున మాకు ఇద్దరికీ మీటింగులు.

డాలస్_మనవరాలు:
జూన్‌లో ఎనిమిదిన్నర దాకా వెలుతురుంటుంది కాబట్టి వెళ్లొచ్చు, కానీ జులై, ఆగస్టుల్లో 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే రోజులు మామూలే, సాయంత్రం ఏడింటికి కూడా సిమెంటు నుంచి సెగ వస్తుంటుంది. మన ఎండలు చూసినవాళ్లమే కదా అని వాళ్లు లెక్కచేయరు. బీపీకి మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర వేసుకుంటుంటే ఒంట్లో నీళ్లు తొందరగా తగ్గిపోతాయి, బయల్దేరే ముందే ఎంత తాగాలో డాక్టర్ని అడగండి. బాబు దారి దిగి పొదల్లోకి పోకుండా చూసుకోండి, మూడేసి ఆకులుండే పాయిజన్ ఐవీ తగిలితే ఒళ్లంతా దద్దుర్లు, దురద. అత్తయ్యగారికి కూడా చెప్పండి, మా నానమ్మకైతే ఏ మొక్క కనబడినా ఆకు తుంచి వాసన చూసే అలవాటు.

మావయ్యగారికి నడక కన్నా మనుషులు కావాలేమో అనిపిస్తోంది. మేము మా తాతయ్యను ఒక ఆదివారం అర్వింగ్‌లో థామస్ జెఫర్సన్ పార్కుకు తీసుకెళ్లాం, అక్కడ 2014 అక్టోబరు 2న ఆవిష్కరించిన గాంధీ విగ్రహం ఉంది. మీకు అరగంట పైనే డ్రైవు. తాతయ్య అక్కడ గుంటూరు ఆయన ఒకరితో మాటల్లో పడి నడక సంగతే మర్చిపోయారు, ఇప్పటికీ ఇద్దరూ ఫోన్లు చేసుకుంటారు. మామూలు రోజుల్లో మాత్రం మీ ఇంటి దగ్గర పార్కులోనే రోజూ ఒకే టైముకు తీసుకెళ్లండి. ఒకే వేళకి వచ్చే పెద్దవాళ్లు నాలుగు రోజుల్లో ఒకరినొకరు గుర్తుపట్టి పలకరించుకుంటారు.

పార్కర్_రోడ్:
మేము శనివారం ఏడింటికి ఆర్బర్ హిల్స్‌లో ఉంటాం, మా నాన్న కూడా వస్తారు. ఆయనది రేపల్లె. మెసేజ్ పెట్టండి, ఆట స్థలం దగ్గర కలుద్దాం.