పాత కారు చక్రాలకు అతిగా బిగించిన లాక్ నట్లు, దెబ్బతిన్న స్టడ్లు: ఎలా విప్పాలి, ఏవి మార్చాలి?

ప్రశ్న (కొత్త యజమాని):

ఇటీవల ఒక పాత కారు తీసుకున్నాను. అల్లాయ్ చక్రాలు, ఒక్కో చక్రానికి నాలుగు మామూలు నట్లు, దొంగలు విప్పకుండా ప్రత్యేక కీతోనే తిరిగే ఒక లాక్ నట్టు ఉన్నాయి. లాక్ నట్ల కీ డిక్కీలో స్టెప్నీ కింద దొరికింది కాని, దాని లోపలి పువ్వు ఆకారపు గాడుల అంచులు అప్పటికే అరిగి గుండ్రబడ్డాయి. ముందు కుడి చక్రం దగ్గర పొడవాటి పిడితో బలం పెట్టగానే కీ జారబోయినట్లు అనిపించి ఆపేశాను. వెనక ఎడమ చక్రానికి లాక్ నట్టు సులువుగానే వచ్చింది కాని, దాని పక్కనున్న మామూలు నట్టు కిర్రుమంటూ బిగుతుగా తిరిగి, బయటికి వచ్చేసరికి అది ఎక్కే స్టడ్ (మరలున్న కడ్డీ) మరల నుంచి సన్నని ఇనుప పోగులు రాలాయి. ఇదివరకు ఎవరో గాలి గన్నుతో ఇష్టం వచ్చినట్లు బిగించారని నా అనుమానం. మొరాయిస్తున్న లాక్ నట్టును చక్రానికి గీత పడకుండా తీయడం ఎలా? పోగులు రాలిన స్టడ్ మరలను శుభ్రం చేసి మళ్ళీ వాడుకోవచ్చా?

జవాబు (పానాపెట్టె):

కీ జారకముందే ఆపడం మంచిదైంది. ఒకసారి జారితే లాక్ తలమీది గాడి కూడా అరిగిపోతుంది, ఆ తర్వాత కొత్త కీ తెచ్చినా పట్టు దొరకదు. కాబట్టి ఆ అరిగిన కీతో ఇంకో ప్రయత్నం చేయకండి. కీ మీద గాని, లాక్ నట్లతో పాటు వచ్చే చిన్న కార్డు మీద గాని ఒక కోడ్ ఉంటుంది. గ్లవ్ బాక్స్‌లో, కారు పత్రాల సంచిలో, జాకీ పెట్టే గూట్లో వెతకండి. ఆ కోడ్ చెబితే తయారీదారు నుంచి కొత్త కీ తెప్పించుకోవచ్చు. కోడ్ దొరకకపోతే, అన్ని నమూనాల కీలూ ఉన్న సెట్ ఉంచుకునే వర్క్‌షాపులు ఉంటాయి, వాటిలో సరిపోయేది చూసి పెట్టించుకోండి.

కొత్త కీ చేతికి వచ్చాక, కారు నేలమీద ఉండగానే, హ్యాండ్‌బ్రేక్ వేసి పని మొదలుపెట్టండి. మిగతా నాలుగు నట్లనూ ముందుగా వదులు చేస్తే చక్రాన్ని పట్టి ఉంచే బలమంతా లాక్ మీదే పడుతుంది, అందువల్ల అవి బిగుతుగా ఉండగానే లాక్‌ను విప్పాలి. ఇప్పటికే వాటిని వదులు చేసి ఉంటే మళ్ళీ బిగించండి. గాడిలోని మట్టిని సన్నని పుల్లతో తీసి, కీని నిటారుగా పెట్టి, గాడి అడుగుదాకా దిగేలా చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. ఒక చేత్తో కీని చక్రం వైపు అదిమి పట్టి, రెండో చేత్తో పొడవాటి పిడిని కుదుపు లేకుండా తిప్పండి. లాక్ నట్టు మీద గాలి గన్ను మాత్రం వాడనివ్వకండి, చాలా కీలు విరిగేది దానివల్లనే.

ఇది కూడా కుదరకపోతే, లోపల ఎడమవైపు మెలిక గాడులున్న ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్‌ను లాక్ తల మీద సుత్తితో బిగుతుగా ఎక్కించి తిప్పడమే దారి. పైన విడిగా తిరిగే గుల్ల ఉన్న లాక్ అయితే ముందు ఆ గుల్లను పగలగొట్టి తీయాలి, లేకపోతే సాకెట్ గుల్లతో పాటు ఊరికే తిరుగుతుంది. అల్లాయ్ గూడు చుట్టూ మందపాటి టేపు అతికిస్తే గీతలు చాలావరకు తప్పుతాయి. అలా తీసిన లాక్‌ను మళ్ళీ వాడే ప్రసక్తే లేదు. నన్నడిగితే మిగతా మూడింటినీ కూడా తీసేసి, మామూలు నట్లు వేసుకోవడమే మేలు.

జవాబు (మంట, సుత్తి):

ఇంత తతంగం ఎందుకండీ? లాక్ తల మీద ఒక పాత నట్టు వెల్డింగ్ చేసి తిప్పితే నిమిషంలో వస్తుంది. ఆ వేడికి పట్టేసిన మర కూడా వదులుతుంది.

జవాబు (పానాపెట్టె):

వస్తుంది, కాదనను. అయితే లోతైన గూట్లో ఉన్న లాక్ మీద వెల్డింగ్ చేస్తే నిప్పురవ్వలు అల్లాయ్ పూతను కాలుస్తాయి, వేడి స్టడ్ గుండా, చక్రాన్ని బిగించే మధ్యభాగమైన హబ్‌లోకి వెళ్ళి బేరింగ్ గ్రీజును, సీళ్ళను పాడుచేయవచ్చు. టైరుకు అంత దగ్గరగా మంట పెట్టడం నాకు అసలే ఇష్టం లేదు. అన్ని దారులూ మూసుకుపోయినప్పుడు, ఆ పని తెలిసినవారి చేత మాత్రమే చేయించాలి.

జవాబు (హబ్‌బేరింగ్):

స్టడ్ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడే ఉంది. బిగించినప్పుడు స్టడ్ కొద్దిగా సాగుతుంది, వదలగానే మళ్ళీ తన పొడవుకు వస్తుంది. చక్రాన్ని పట్టి ఉంచేది ఆ సాగుదలే. హద్దు మీరి బిగిస్తే అది శాశ్వతంగా సాగిపోతుంది. చిన్న, మధ్యతరహా కార్లలో చాలావాటికి 100 నుంచి 120 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. అంటే అర మీటరు పొడవున్న పిడి చివర సుమారు 22 కిలోల బరువు వేలాడదీసినంత. పెద్ద గాలి గన్ను 500 న్యూటన్ మీటర్లు దాటి కూడా బిగించగలదు. మీ కారుకు కచ్చితమైన అంకె మాన్యువల్‌లో చూసుకోండి.

పోగులు రాలిన స్టడ్‌ను మర సరిచేసి వాడకండి. రాలిన లోహం తిరిగి రాదు, మర కోసే పనిముట్టయిన డై తిప్పితే మిగిలిన మర ఇంకా పలచబడుతుంది. దానితో పాటు ఆ చక్రంలోని మిగతా స్టడ్లను కూడా పరీక్షించండి. కొత్త స్టడ్‌ను పాతదాని పక్కన మరలు ఒకదానిలో ఒకటి ఇమిడేలా పెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి. మొదట్లో బాగా ఇమిడి, పోనుపోను మధ్యలో సందు కనిపిస్తే ఆ స్టడ్ సాగిందన్నమాట. కొత్త నట్టును చేత్తో తిప్పినప్పుడు కొంతదూరం తేలికగా పోయి ఒకచోట బిగుసుకున్నా అదే అర్థం. అలాంటివన్నీ మార్చాలి.

మార్చేటప్పుడు బ్రేక్ ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్‌ను బ్రేక్ గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో కట్టి, డిస్క్ తీసి, హబ్‌ను తిప్పుతూ స్టడ్ వెనక్కి జారడానికి చోటున్న స్థానం వెతకాలి. కొన్ని కార్లలో ఆ చోటు ఉండదు, హబ్ విప్పక తప్పదు. పాత స్టడ్‌ను పెద్ద సుత్తితో బాదితే ఆ దెబ్బలు బేరింగ్‌కు తగులుతాయి, కాబట్టి ప్రెస్ పరికరంతో నెట్టడం మేలు. కొత్తదాని మర వ్యాసం, పిచ్ (మరల మధ్య దూరం), పొడవు, హబ్‌లో పట్టే పళ్ళ భాగం వ్యాసం పాతదానితో సరిపోవాలి. 12 మిల్లీమీటర్ల స్టడ్లలో 1.25, 1.5 పిచ్‌లు చూడటానికి ఒకేలా ఉంటాయి కాని ఒకదాని నట్టు ఇంకోదానికి పట్టదు. కొత్త స్టడ్‌ను వాషర్లు పేర్చి, ఒక పాత నట్టుతో మెల్లగా లాగుతూ, తల హబ్ వెనక పూర్తిగా ఆనేవరకు బిగించి, ఆ నట్టును పారేయండి. తల ఆనకుండా వదిలేస్తే కొద్దిదూరం నడిచాక అది సర్దుకుని బిగింపు పోతుంది.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలండి. తిరిగి బిగించేటప్పుడు మరలకు నూనె రాయాలా? ఈలోగా ఆ చక్రంతో కారు నడపవచ్చా?

జవాబు (హబ్‌బేరింగ్):

నడపకండి. ఒక స్టడ్ లేకపోతే ఆ భారం పక్కవాటిమీద పడుతుంది, మీ కారులో అవీ సాగి ఉండవచ్చు. మాన్యువల్ ప్రత్యేకంగా చెబితే తప్ప మరలకు నూనె వద్దు, ఎందుకంటే టార్క్ (బిగింపు) అంకెలు పొడి మరలకు లెక్కగట్టినవి, నూనె ఉంటే అదే అంకెకు స్టడ్ ఇంకా ఎక్కువ సాగుతుంది. చక్రమూ హబ్బూ కలిసేచోట తుప్పును వైర్ బ్రష్‌తో తీసి, నట్లు చేత్తో ఎక్కించి, ఎదురెదురు వరుసలో రెండు విడతలుగా, బిగింపును కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించండి. లాక్‌లు ఉంచుకుంటే వాటిని చివరన, చేతి పనిముట్టుతోనే బిగించండి. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మళ్ళీ ఒకసారి అదే అంకెకు సరిచూసుకోండి.