ఉబుంటులో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు: వైన్ చాలా, వర్చువల్‌బాక్స్ కావాలా?

ప్రశ్న:
ఉబుంటు 24.04, 8 జీబీ ర్యామ్. పేజీలు కూర్చే పాత విండోస్ ప్రోగ్రాము పేజ్‌మేకర్ 7లో చేసిన ఫైళ్లు సవరించాలి. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్‌లో పేజ్‌మేకర్ తెరుచుకుంది గానీ తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తున్నాయి. తెలుగు టైపింగ్‌కు వాడే 'అను' కీబోర్డు ప్రోగ్రాముకున్న యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్సు తాళం) పెట్టినా గుర్తించడం లేదు. ఏం చేయాలండీ?

జవాబు 1:
ఇవి రెండు వేర్వేరు సమస్యలండీ. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లిషు అక్షరాల కోడ్‌ల మీదే తెలుగు అక్షరాల ముక్కలు కూర్చి ఉంటాయి. అందుకే ఫాంటు లేకపోతే అడుగునున్న ఇంగ్లిషు బయటపడుతుంది. హోమ్‌లో కంట్రోల్ హెచ్ నొక్కితే డాట్ వైన్ ఫోల్డర్ కనిపిస్తుంది. అందులో డ్రైవ్ సీ, విండోస్, ఫాంట్స్‌లోకి అను ఫాంట్ల టీటీఎఫ్ ఫైళ్లు కాపీ చేసి, పేజ్‌మేకర్ మూసి తెరవండి. ఫైలు ఏ అను వెర్షన్‌తో చేశారో ఆ వెర్షన్ ఫాంట్లే వేయాలి. ఫాంటు దొరకలేదని పేజ్‌మేకర్ అడిగినప్పుడు పర్మనెంట్ మాత్రం ఎంచుకోకండి, సేవ్ చేస్తే అసలు ఫాంటు పేరే పోతుంది.

డాంగిల్ సంగతి వేరు. వైన్ అనేది విండోస్ ప్రోగ్రాముల పిలుపులను లినక్స్‌కు అర్థమయ్యేలా మారుస్తుంది. డాంగిల్‌కు కావలసిన విండోస్ డ్రైవర్ మాత్రం దాని చేతిలో సాధారణంగా నడవదు. టైపింగ్ కూడా కావాలంటే, ఉబుంటు లోపలే అసలు విండోస్‌ను నడిపించే వర్చువల్‌బాక్సే దారి.

జవాబు 2:
వర్చువల్‌బాక్స్ కోసం ముందు బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) వర్చువలైజేషన్ ఆన్ చేయండి. అక్కడే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే వర్చువల్‌బాక్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది. రీస్టార్ట్‌లో వచ్చే నీలం తెరలో ఎన్‌రోల్ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. దాన్ని దాటవేస్తే వర్చువల్‌బాక్స్‌లోని విండోస్ మొదలే కాదు. లైసెన్సున్న 32 బిట్ విండోస్ ఎక్స్‌పీకి 1 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్ చాలు. 2014 తర్వాత దానికి భద్రతా అప్‌డేట్లు లేవు కాబట్టి ఎక్స్‌పీకి నెట్‌వర్క్ ఆపేయండి.

అందరూ చిక్కుకునేది యూఎస్‌బీ దగ్గరే. మీ యూజర్‌ను వీబాక్స్‌యూజర్స్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ రావాలి. లేకపోతే వర్చువల్‌బాక్స్ డివైసెస్ మెనూలో డాంగిల్ వాడుకోవడానికి రాదు. వచ్చాక దానికి ఫిల్టర్ పెడితే ప్రతిసారీ ఎంచుకునే పని ఉండదు.

జవాబు 3:
ప్రింటర్‌ను ఎక్స్‌పీకి తగిలించే తంటా వద్దండీ. అక్కడ ఏదైనా పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ డ్రైవర్ వేసి, పోర్టు దగ్గర ఫైల్ ఎంచుకోండి. పేజ్‌మేకర్ నుంచి వచ్చే ఫైలును ఉబుంటుకూ ఎక్స్‌పీకీ ఉమ్మడిగా ఉండే షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి, ఉబుంటులో ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాముతో పీడీఎఫ్ చేయండి. ప్రింట్ ఆప్షన్లలో ఫాంట్లు జతచేయమని తప్పక చెప్పాలి. మరిస్తే పీడీఎఫ్‌లో మళ్లీ ఆ కలగాపులగమే.