టెన్త్ గ్రేడ్ అమ్మాయి: కూచిపూడి మాన్పించి నాన్‌ప్రాఫిట్ పెట్టించాలా?

ఫ్రిస్కో_నాన్న:
మా అమ్మాయి టెక్సాస్‌లో టెన్త్ గ్రేడ్. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. స్కూల్లో డిబేట్ అంటే ప్రాణం. రోబోటిక్స్ టీమ్‌లో పేరుంది కానీ మనసు లేదు. కాలేజీ అడ్మిషన్ల కన్సల్టెంట్ ఒకరు "డాన్స్ మన పిల్లలందరికీ ఉంటుంది, అది ఆపి ఒక నాన్‌ప్రాఫిట్ (సేవా సంస్థ) మొదలుపెట్టించండి" అన్నారు. తనేమో ఐస్‌క్రీమ్ షాపులో పనికి వెళ్తానంటోంది. ఏది ఉంచాలి, ఏది మాన్పించాలి?

ప్లేనో_అమ్మ:
నాన్‌ప్రాఫిట్ వద్దండీ. చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్ ఫారంలో, క్లాసు బయట చేసే యాక్టివిటీలకు 10 గడులు ఉంటాయి, అన్నీ నింపాలన్న రూలు లేదు. ఒక్కోదాని వివరణకు 150 అక్షరాలే. ఏ గ్రేడుల్లో చేశారు, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని కూడా అడుగుతారు. 9 నుంచి 12 దాకా నాలుగు గ్రేడులకూ టిక్ పడే కూచిపూడిని తీసేసి, లెవెన్త్‌లో పుట్టి కాలేజీ సీటు రాగానే మూతపడే సంస్థను ఎందుకు పెట్టించాలి? అలాంటి వాటికి వెబ్‌సైట్ నాన్న చేస్తాడు, విరాళాలు బాబాయిలు, మావయ్యలు ఇస్తారు. పిల్ల సొంతంగా నేర్చుకునేది చాలా తక్కువ.

ఐస్‌క్రీమ్ షాపు పనిని చిన్నచూపు చూడకండి. ఆ ఫారంలోనే జీతానికి చేసే పనికి, ఇంటి బాధ్యతలకు విడి కేటగిరీలు ఉన్నాయి. రోజూ తమ్ముణ్ణి చూసుకుంటున్నా, అమ్మమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా రాయొచ్చు. మనవాళ్లలో చాలామంది అది లెక్కలోకి రాదనుకుని వదిలేస్తారు. ఒక్క జాగ్రత్త: 16 నిండకపోతే స్కూలున్న రోజు 3 గంటలు, ఆ వారంలో 18 గంటలు మించి పని చేయించకూడదని ఫెడరల్ చట్టం.

ఎడిసన్_ఇంజనీర్:
నేను ఒప్పుకోను. అంతా పిల్లల ఇష్టానికే వదిలేస్తే ఫోన్ తప్ప ఇంకేం మిగలదు. మీ టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీ యూటీ ఆస్టిన్‌నే తీసుకోండి. 2026 ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) నుంచి క్లాసులో టాప్ 5 శాతంలో ఉన్న టెక్సాస్ పిల్లలకే ఆటోమేటిక్ సీటు. అదీ యూనివర్సిటీకే, కోరుకున్న మేజర్‌కు (ప్రధాన సబ్జెక్టుకు) గ్యారంటీ లేదు. కంప్యూటర్ సైన్స్ కావాలంటే మార్కులతో పాటు ఈ యాక్టివిటీలన్నీ చూస్తారు. రోబోటిక్స్ మాన్పించడం పెద్ద తప్పు అవుతుంది.

ప్లేనో_అమ్మ:
అన్నయ్యగారూ, కంప్యూటర్ సైన్స్ అని వాళ్ల నాన్నగారు ఎక్కడా అనలేదు. మన ఇళ్లలో ఆ మాట అడగకుండానే వచ్చేస్తుంది, నాకు బాధ కలిగించేది అదే.

రోబోటిక్స్ గురించి మాత్రం ఒక మాట. హైస్కూల్ టీమ్‌లు పాల్గొనే 'ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్' (FIRST) పోటీల్లో రోబో కట్టడం ఒక్కటే పని కాదు. టీమ్ తరఫున జడ్జీల ముందు నిలబడి తాము ఊళ్లో చేసిన పనులు వివరించాల్సిన అవార్డు కూడా ఉంది. డిబేట్ పిల్లకు అది సరిగ్గా సరిపోతుంది. ఆ పని తనకిమ్మని మెంటర్‌ను అడగమనండి. ఇవ్వకపోతే, ఇచ్చినా నచ్చకపోతే, జనవరిలో సీజన్ మొదలయ్యేలోపే మానేయనివ్వండి. మధ్యలో వదిలేస్తే మిగతా పిల్లలకు ఇబ్బంది.

ఇంకా తేలకపోతే ఒకటి చూడండి. మీరు కారు తీయనంటే, ఫ్రెండ్స్‌ను అడిగి మరీ రైడ్ చూసుకుని వెళ్లేది దేనికి?

ఫ్రిస్కో_నాన్న:
డిబేట్‌కు ఇప్పటికే అలాగే వెళ్తోంది. డాన్స్ క్లాసుకు కూడా. రోబోటిక్స్ రోజున తలనొప్పి అంటుంది. కాలేజీలో ఏం చదువుతావంటే పబ్లిక్ పాలసీ అంటోంది. సరే, నాన్‌ప్రాఫిట్ ఆలోచన మానేస్తున్నాం. ఇంకో ప్రశ్న. రంగప్రవేశం ఇంకో రెండేళ్లలో పెట్టుకుందామని గురువుగారు అంటున్నారు. ట్వెల్త్‌లో కుదురుతుందా?

ప్లేనో_అమ్మ:
ట్వెల్త్ ఫాల్‌లో అస్సలు వద్దు. చాలా కాలేజీల ముందస్తు దరఖాస్తుల గడువు నవంబర్ 1. వ్యాసాలు, రిహార్సల్స్ ఒకేసారి మీద పడితే పిల్ల తట్టుకోలేదు. లెవెన్త్ అవ్వగానే జూన్‌లో పెట్టుకోండి. అదీ తను కావాలంటేనే, దరఖాస్తులో రాసుకోవడానికి కాదు.