రెండరింగ్ పెడితే మౌస్ కూడా కదలట్లేదు, నైస్ 19 ఎందుకు పనిచేయట్లేదు?

సందేహం (విజయనగరం, ఫొటో స్టూడియో):
మాస్టార్లకు నమస్కారం. సిరిమానోత్సవం వీడియోలు 4కేలో తీశాం, వీడియోలు మార్చే ప్రోగ్రాం ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్‌తో హెచ్ 265 ఫార్మాట్‌లోకి మారుస్తున్నాను. సిస్టమ్ పాతదే: నాలుగు కోర్ల ఐ5, 8 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్, ఉబుంటు. కన్వర్షన్ మొదలైన కాసేపటికి మౌస్ బాణం ఆగి ఆగి కదులుతాది. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినాయన కౌంటర్ దగ్గర నిలబడే ఉంటాడు, ఫొటోలు దిద్దే గింప్ తెరుచుకోదు. నైస్ 19 పెట్టి, అంటే సీపీయూ వంతులో అన్నిటికంటే వెనక నిలబెట్టి నడిపినా ఏటీ తేడా లేదు. ఏ పనికి ఎప్పుడు సీపీయూ ఇవ్వాలో చూసే షెడ్యూలర్ మార్చీమంటారా?

జవాబు (శ్రీకాకుళం, ఇంజినీరింగ్ విద్యార్థి):
అన్నా, కొత్త కెర్నల్ వేసెయ్, షెడ్యూలర్ ఉండేది సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ఆ కెర్నల్‌లోనే. 2023లో 6.6 కెర్నల్‌తో ఈఈవీడీఎఫ్ అనే కొత్త షెడ్యూలర్ వచ్చింది. 2007 నుంచి ఉన్న సీఎఫ్ఎస్ స్థానంలో దాన్నే పెట్టారు.

జవాబు (విజయనగరం, సిస్టమ్ అడ్మిన్):
కెర్నల్ జోలికి అప్పుడే వెళ్లకు బాబూ. ఇక్కడ రెండు జబ్బులు కలిసి కనిపిస్తున్నాయి.

ముందు నైస్ సంగతి. నైస్ 0కి కెర్నల్ ఇచ్చే బరువు 1024, నైస్ 19కి 15. అంత తేడా ఉన్నా నీకెందుకు తెలియలేదంటే, 2011లో 2.6.38 కెర్నల్‌తో ఆటోగ్రూప్ అనేది వచ్చింది. ఒక్కో టెర్మినల్ సెషన్ ఒక్కో గుంపు. సీపీయూని ముందు గుంపులకి పంచి, తర్వాత గుంపు లోపల పంచుతారు. నీ టెర్మినల్లో ఉన్నది ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్ ఒక్కటే. తన గుంపులో తనొక్కడే ఉన్నప్పుడు వెనక నిలబడితే ఎంత, ముందు నిలబడితే ఎంత? డెస్క్‌టాప్‌కి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మొత్తం గుంపునే వెనక్కి నెట్టాలంటే, ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబరు కింద ఆటోగ్రూప్ అని ఫైలుంటుంది, అందులో 19 రాయాలి. సిస్టమ్‌డి (సర్వీసులని నడిపే ప్రోగ్రాం) తన సొంత సీపీయూ గుంపులు పెట్టిన చోట ఈ ఫైలుకి విలువ ఉండదు. అలాంటప్పుడు సిస్టమ్‌డి రన్‌తో నడుపుతూ సీపీయూవెయిట్ 10 ఇవ్వు, మామూలుగా అది 100.

కానీ నా అనుమానం సీపీయూ మీద కాదు. ఎంతసేపూ నిద్రపోతూ మధ్యమధ్యలో లేచే పనులకి, అంటే మౌస్, విండోల్లాంటి వాటికి, షెడ్యూలర్ తొందరగానే వంతు ఇస్తుంది, ఇప్పటిదాకా వాడుకున్నది తక్కువ కాబట్టి. సీపీయూ నిండినంత మాత్రాన బాణం ఆగిపోవడం అరుదు. బాణమే ఆగిందంటే, స్క్రీన్ గీసే ప్రోగ్రాం మెమరీ పేజీలు ర్యామ్‌లో చోటు చాలక డిస్క్ మీది స్వాప్‌లోకి పోయి, హార్డ్ డిస్క్ నుంచి తిరిగి రావడం కోసం అది కాచుకుని కూర్చుందన్నమాట. అలా కూర్చున్న ప్రాసెస్‌ని ఏ షెడ్యూలరూ నడపలేదు, ఈఈవీడీఎఫ్ అయినా సరే.

వీఎమ్‌స్టాట్ 1 అని కొట్టి ఎస్ఐ, ఎస్ఓ కాలమ్స్ చూడు, స్వాప్ నుంచి వచ్చేదీ స్వాప్‌లోకి పోయేదీ అవే. ప్రాక్ కింద ప్రెజర్‌లో మెమరీ ఫైలు కూడా చూడు, 4.20 కెర్నల్ నుంచి ఉంది. అందులో ఫుల్ వరుసలో ఏవీజీ10 అంటే, గడిచిన పది సెకన్లలో పనులన్నీ ఒకేసారి మెమరీ కోసం ఆగిపోయిన శాతం.

సందేహం అడిగినవారు:
మాస్టారూ, చూశాను. ఎస్ఐ, ఎస్ఓ రెండూ వేలల్లో గెంతుతున్నాయి. ఏవీజీ10 నలభై దాటీసింది. క్రోమ్‌లో ట్యాబ్‌లు కూడా చాలా తెరిచి ఉన్నాయి లెండి.

జవాబు (సిస్టమ్ అడ్మిన్):
అదే మరి. హెచ్ 265 తయారుచేసే ఎక్స్265 సెట్టింగుల్లో ఫ్రేమ్ థ్రెడ్స్ 1కి, లుక్‌అహెడ్ కాస్త కిందకి దించు. ఒకేసారి మెమరీలో పట్టుకుని కూర్చునే 4కే ఫ్రేములు తగ్గుతాయి. టైం ఎక్కువ పడుతుంది, రాత్రికి వదిలేయ్. క్రోమ్ మూసెయ్. జడ్‌ర్యామ్ పెట్టుకుంటే స్వాప్ డిస్క్‌కి వెళ్లేముందు ర్యామ్‌లోనే కంప్రెస్ అయి ఉంటుంది. ఐ5కి ఆ భారం పెద్ద లెక్క కాదు.

డబ్బులు పెట్టగలిగితే ముందు ర్యామ్ 16కి పెంచు, తర్వాత ఎస్ఎస్‌డీ. ఈ వరస తిరగెయ్యకు. స్వాప్ ఎస్ఎస్‌డీ మీద ఉన్నా ర్యామ్‌తో సమానం కాదు.

జవాబు (విద్యార్థి):
డిస్క్ వాడకంలో వెనక నిలబెట్టే ఐఓనైస్ ఐడిల్ పెడితేనో?

జవాబు (సిస్టమ్ అడ్మిన్):
డిస్క్‌కి బీఎఫ్‌క్యూ షెడ్యూలర్ ఎంచుకుని ఉంటే ఆ ఐడిల్‌కి అర్థం ఉంటుంది తమ్ముడూ. సిస్ కింద బ్లాక్, ఎస్‌డీఏ, క్యూలో షెడ్యూలర్ ఫైలు తెరిస్తే ఏది ఎంచుకుందో చతురస్ర బ్రాకెట్లలో కనిపిస్తుంది. నన్ (ఏదీ లేదు) అని ఉంటే ఆ మాట గాల్లోకే. అయినా ఇక్కడ గొడవ వీడియో ఫైలు చదవడం వల్ల కాదు, స్వాప్ వల్ల. మెమరీ తగ్గించాక మళ్లీ వీఎమ్‌స్టాట్ చూడు. ఎస్ఐ సున్నా దగ్గర ఉండి కూడా ఇంకా లాగుతుంటే, అప్పుడు ఆటోగ్రూప్ ఫైలు పట్టుకో. టెర్మినల్ మూసి మళ్లీ తెరిస్తే ఆ 19 పోతుంది, ప్రతిసారీ రాసుకోవాలి.