కొబ్బరి తోటలో, పంటు మీద పాడ్‌కాస్ట్ రికార్డింగు: ఏ వైర్‌లెస్ మైకు తీసుకోవాలి?

కోనసీమ టీచరు

అందరికీ నమస్కారం. అంబాజీపేట దగ్గర ఒక ఊళ్లో తెలుగు పాఠాలు చెబుతాను. ఏడాదిగా సెలవు రోజుల్లో చుట్టుపక్కల పనివాళ్ల మాటలు రికార్డు చేసి పాడ్‌కాస్ట్‌గా పెడుతున్నాను. కొబ్బరి దింపు తీసేవాళ్లు (చెట్టెక్కి కాయలు కోసేవాళ్లు), కాయ ఒలిచేవాళ్లు, పీచు తాడు పేనే ఆడవాళ్లు, రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) నడిపేవాళ్లు. కురిడీ కాయను (లోపల నీరు ఎండిన కొబ్బరికాయను) చెవి దగ్గర పెట్టి ఆడిస్తే లోపలి కొబ్బరి చిప్ప వదిలిందో లేదో వాళ్లకు తెలిసిపోతుంది. మా బడిలో పిల్లలకు తెలియదు, వాళ్ల తండ్రులు ఆ పనే చేస్తున్నా తెలియదు. ఆ విద్య వాళ్ల గొంతుతోనే మిగలాలని నా పట్టుదల.

గత ఆదివారం జరిగింది చెబుతాను. అరవై దాటిన పెద్దాయన ఒకరు ఇప్పటికీ దింపుకు వెళ్తారు. చొక్కా వేసుకోరు కాబట్టి మెడ చుట్టూ వేసుకున్న తువ్వాలుకు మైకు తగిలించాను. పట్నంలో ఒక దుకాణంలో కొన్న చవక రకం వైర్‌లెస్ మైకు అది. పెట్టె మీద 20 మీటర్లు అని రాసి ఉంది. నేను ఫోను పట్టుకుని చెట్టు మొదట్లో నిలబడ్డాను. సగం చెట్టు వరకు ఆయన ఊపిరి, పాదం మానుకు రాసుకునే చప్పుడు ఎంత చక్కగా వచ్చాయో! ఆయన మానుకు అటువైపు తిరిగారు, గొంతు తెగిపోయింది. మొవ్వు దగ్గర కూర్చుని గెలలు కోస్తూ ఏదో అంటున్నారు, పెదవులు కదులుతున్నాయి, నా చెవిలో మాత్రం ఏమీ లేదు. దిగాక అడిగితే "పైన ఏదో అనుకుంటానమ్మా, ఇప్పుడేం గుర్తుంటుంది?" అన్నారు. రికార్డింగులో ఆ చోట పదకొండు సెకన్ల ఖాళీ ఉంది. ఆ ఖాళీని ఇప్పటికి ఎన్నిసార్లు విన్నానో.

ఇంకొకటి. ఒక లంక గ్రామంలో పెద్దామె 1996 నవంబరు 6 రాత్రి తుపాను గురించి చెప్పింది. ఆమె చెప్పే తీరు ఎలా ఉంటుందంటే, గుసగుసగా మొదలుపెట్టి, ఉన్నట్టుండి ఆ రాత్రి గాలి ఎలా అరిచిందో అలా అరిచి చూపిస్తుంది. గుసగుసేమో వినబడలేదు, అరుపేమో పగిలిపోయింది. పైగా ఆమె మెడలో గొలుసు మైకుకు తగిలి టక్కుటక్కుమంటూ ఉంది.

నాకు అర్థం కానిది ఒకటుంది. ఇదే మైకు మా ఇంటి హాల్లో మనిషి అటు తిరిగి కూర్చున్నా పనిచేస్తుంది. తోటలో గోడలే లేవు, అక్కడ మనిషి అటు తిరగగానే తెగుతుంది. బయటే బాగా రావాలి కదా?

ఖర్చు 15,000 రూపాయలు దాటకూడదు. ఫోను ఆండ్రాయిడ్, టైప్-సి. ఒకేసారి ఇద్దరి గొంతులు రావాలి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పెళ్లి వీడియోలు, భీమవరం

నమస్తే మేడమ్. ముందు మీ సందేహం తీరుస్తాను, అది తీరితే ఏ మైకు కొనాలో మీకే తెలుస్తుంది.

ఇలాంటి మైకుల్లో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగం మీద నడుస్తాయి. వైఫై, బ్లూటూత్ ఉండేదీ అక్కడే. ఆ తరంగాన్ని నీరు మింగేస్తుంది. మన ఒంట్లో సగానికి పైగా నీరే, పచ్చి కొబ్బరి మాను నిండా నీరే. కాబట్టి మైకుకూ, ఫోనుకు తగిలించే రిసీవరుకూ మధ్య మనిషి వీపు వచ్చినా, మాను వచ్చినా దారి మూసుకుపోయినట్టే. అదే హాల్లో అయితే తరంగం గోడకు, కప్పుకు తగిలి తిరిగి వచ్చి వేరే దారిన రిసీవరుకు చేరుతుంది. తోటలో తిప్పి పంపే గోడ ఏదీ? పంటు మీద, ఏటి మధ్యలో కూడా ఇదే బాధ. పెట్టె మీద రాసే మీటర్ల లెక్క ఏ అడ్డూ లేకుండా ఎదురెదురుగా ఉన్నప్పటిది.

నేను నేర్చుకున్నది ఒకటే. బయట పని ఉన్నవాళ్లు మైకులోనే రికార్డయ్యే రకం తీసుకోవాలి. గాలిలో తరంగం తెగినా ట్రాన్స్‌మిటరు (మనిషి ఒంటి మీద ఉండే మైకు భాగం) లోపల మాట భద్రంగా ఉంటుంది. 2021లో వచ్చిన రోడ్ కంపెనీ వైర్‌లెస్ గో టూలో ఆ సౌకర్యం ఉంది, రెండు ట్రాన్స్‌మిటర్లు వస్తాయి. ఒక్కోటి దాదాపు ముప్పై గ్రాములు. డీజేఐ మైక్ టూలో కూడా ఉంది, 8 జీబీ మెమరీ, దాదాపు 14 గంటలు పడుతుంది. డీజేఐ మైక్ మినీ, హాలీల్యాండ్ లార్క్ ఎం టూ అందరూ మెచ్చుకుంటారు, పది గ్రాములే కాబట్టి తువ్వాలు మీద పెట్టినా బరువు తెలియదు. కానీ ఆ రెండింటిలో లోపలి రికార్డింగు లేదు. మీ పదకొండు సెకన్లు మళ్లీ పోతాయి.

పెద్దామె అరుపు సంగతి. 32-బిట్ ఫ్లోట్ అనే పద్ధతిలో రికార్డు చేస్తే గుసగుసనూ అరుపునూ తర్వాత కంప్యూటర్లో సరిచేసుకోవచ్చు. డీజేఐ మైక్ టూ, రోడ్ వైర్‌లెస్ ప్రో లోపల అలా రికార్డు చేస్తాయి. కొత్తవి మీ లెక్కకు అందవు. వాడినవి దొరుకుతాయి, బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుందో ఎదురుగా చూసి తీసుకోండి.

అయస్కాంతంతో అతికే మైకులు చాలా వచ్చాయి. వయసు మళ్లినవాళ్ల గుండె మీద పెట్టేముందు పేస్‌మేకర్ ఉందా అని తప్పకుండా అడగండి.

పాత రేడియో మనిషి, రాజమహేంద్రవరం

అమ్మా, ఆకాశవాణి కార్యక్రమాలకు టేపు రికార్డరు భుజాన వేసుకుని గోదావరి గట్ల మీద చాలా తిరిగాను. మీ పని చదివి సంతోషం కలిగింది. కొన్ని మాటలు చెప్పాలనిపించింది.

కూర్చుని మాట్లాడే మనిషికి వైర్‌లెస్ అవసరమే లేదు. బోయా బీవై-ఎం1 లాంటి తీగ మైకుకు ఆరు మీటర్ల తీగ ఉంటుంది. దాన్ని ఒక పాత ఫోనుకు తగిలించి, ఫోనును విమానం గుర్తు నొక్కి పక్కన పెట్టండి. తీగలో వచ్చే గొంతు తెగదు. మీ 15,000లో ఎక్కువ భాగం చెట్టెక్కే ఆయన కోసమే దాచుకోవచ్చు.

మైకు ఖరీదు కంటే నోటికి మైకుకు ఉన్న దూరమే గొంతును మారుస్తుంది. దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, చుట్టూ ఉన్న రొద మాత్రం తగ్గదు. గడ్డం కింద జానెడు దూరం సరైన చోటు. గొలుసు ఉంటే పమిట లోపలికి తోసేయమని అడగండి, లేదా మైకును భుజం వైపు జరపండి. గంజి పెట్టిన నూలు చీర ఆమె కదిలినప్పుడల్లా గరగరమంటుంది. తీగను ఒక చిన్న చుట్ట చుట్టి గుడ్డకు అతికిస్తే ఆ గరగర మైకు దాకా రాదు.

అరుపుకు మా కాలపు ఉపాయం ఒకటుంది. రెండో రికార్డరును మూడు అడుగుల దూరంలో పీట మీద పెట్టండి. దగ్గరి మైకులో గుసగుస దొరుకుతుంది, దూరపుదాంట్లో అరుపు పగలకుండా దొరుకుతుంది. రెండూ మొదలయ్యాక ఒకసారి చప్పట్లు కొట్టండి, తర్వాత ఆ చప్పుడు పట్టుకుని రెండింటినీ జత చేసుకోవచ్చు.

సముద్రపు గాలికి స్పాంజి తొడుగు చాలదు. బొచ్చు తొడుగు వేయాల్సిందే. గాలి నేరుగా మైకు పొరను కొట్టినప్పుడు వచ్చే బుడబుడలు ఏ కంప్యూటరూ పూర్తిగా తీసేయలేదు. మైకులో ఉండే శబ్దం తగ్గించే మీట మాత్రం ఆపేసి ఉంచండి. అది రొదతో పాటు గొంతులోని జీవాన్నీ గీకేస్తుంది.

చివరి మాట. మాట్లాడటం అయ్యాక వెంటనే లేచిపోకండి. అక్కడే ఒక నిమిషం ఊరికే రికార్డు చేయండి. ఆ తోట చప్పుడు, ఆ వరండా చప్పుడు తర్వాత అతుకులు కనబడకుండా కప్పడానికి పనికొస్తుంది.

రొయ్యల చెరువు, ముమ్మిడివరం

మైకుల గురించి నాకు తెలియదండి. ఒక విషయం మాత్రం చెప్పగలను. మీరు లంకల వైపు, చెరువుల వైపు వెళ్తే ఏరేటర్ల (చెరువు నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రాల) హోరు తప్పదు. రాత్రి, తెల్లవారుజామున వాటిని ఆపమని ఎవరినీ అడగకండి. నీళ్లలో ప్రాణవాయువు తెల్లవారేముందే అన్నిటికంటే తక్కువగా ఉంటుంది, అప్పుడు ఆపితే రొయ్య తేలిపోతుంది. పగలు ఎండకు నీళ్లలోని నాచు ప్రాణవాయువు ఇస్తుంది కాబట్టి మధ్యాహ్నం చాలామంది కొన్నిటిని ఆపుతారు. ఎండ బాగా ఉన్న రోజున ఒంటిగంట నుంచి మూడున్నర దాకా మా వైపు నిశ్శబ్దంగా ఉంటుంది. మబ్బు పట్టిన రోజున రావద్దు, పగలంతా తిరుగుతూనే ఉంటాయి.

కోనసీమ టీచరు

ముగ్గురికీ దండాలు. గోడ లేకపోవడమే అడ్డంకి అని నాకు తట్టనే లేదు. చెరువు రైతుగారు చెప్పింది ఇంకా మేలు. నేను ఎప్పుడూ చల్లని పూట అని తెల్లవారుజామునే వెళ్లేదాన్ని.

ఒక సందేహం. చెట్టెక్కే మనిషి ఒంటి మీద ముప్పై గ్రాముల వస్తువు పెట్టవచ్చా? కత్తికి గాని, తాడుకు గాని చిక్కుకుంటే?

పెళ్లి వీడియోలు, భీమవరం

వేలాడే తీగ ఏదీ ఉండకూడదు మేడమ్. అందుకే ఆయనకు తీగ మైకు కాకుండా క్లిప్పు ఉన్న ట్రాన్స్‌మిటరే వాడండి. తువ్వాలు ఆయన ఎలా కట్టుకుంటారో అలాగే కట్టుకోమని, ముడి దగ్గర మడతలో క్లిప్పు పెట్టండి. ఏ చేత్తో కత్తి పడతారో చూసి, రెండోవైపు పెట్టండి. రిసీవరును జేబులో వేసుకోవద్దు, చెయ్యి పైకెత్తి పట్టుకోండి. లోపలి రికార్డింగు మొదలైందో లేదో ఆయన చెట్టు దగ్గరికి వెళ్లకముందే చూసుకోండి. గో టూలో ఆ ఏర్పాటు కంప్యూటర్లోనో ఫోనులోనో రోడ్ సెంట్రల్ అనే యాప్‌లో పెట్టుకోవాలి, పెట్టెలోంచి తీయగానే దానంతట అదే రికార్డు అవుతుందనుకోవద్దు.

పాత రేడియో మనిషి, రాజమహేంద్రవరం

అన్నిటికంటే ముందు ఆయన్నే అడగండి. ఇబ్బందిగా ఉందంటే మానేయండి. కింద నిలబడి ఊపిరి ఆడక మాట్లాడే మాటలూ మంచివే.

కోనసీమ టీచరు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. నరసాపురంలో ఒకరి దగ్గర వాడిన గో టూ దొరికింది. అనుకున్నదానికంటే కొంచెం ఎక్కువైంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వెళ్లి తెచ్చుకున్నాను. తిరుగు ప్రయాణంలో పంటు మీదే పరీక్ష చేశాను. మా అబ్బాయి మెడలో ఒకటి పెట్టి అటు చివరికి పంపాను. వాడు వీపు తిప్పగానే ఫోనులో గొంతు తెగింది. ఇంటికొచ్చి ట్రాన్స్‌మిటరు కంప్యూటరుకు పెడితే ఇంజను హోరుతో సహా ప్రతి మాటా ఉంది.

పెద్దామె దగ్గరికి మళ్లీ వెళ్లాను, ఎండ కాసే రోజు చూసుకుని మధ్యాహ్నం రెండింటికి. తీగ మైకు పమిట లోపల, పాత ఫోను నా పక్కన, రెండో ఫోను పీట మీద. గొలుసు ఆవిడే తీసి కొంగున ముడి వేసుకుంది. ఈసారి గాలిలా అరవలేదు. ఆ రాత్రి దూడను ఇంట్లోకి లాక్కొచ్చి మంచం కోడుకు కట్టిన సంగతి చెప్పింది, మొత్తం గుసగుసగానే. దాని మెడలో గంట రాత్రంతా మోగుతూనే ఉందట, అది వినబడినంతసేపూ ఇంటికప్పు ఉందని అనుకున్నదట. పోయినసారి ఈ మాటే చెప్పలేదు. ఊపిరి కూడా దొరికింది.

ఇక పెద్దాయన. అడిగితే నవ్వి, తువ్వాలు విప్పి నా చేతికిచ్చారు, నువ్వే పెట్టమ్మా అని. ఎడమవైపు మడతలో పెట్టాను. మానుకు అటు తిరగగానే ఎప్పటిలాగే నా చెవిలో గొంతు తెగింది. చెయ్యి పైకెత్తి అలాగే నిలబడ్డాను. సాయంత్రం విన్నాను. గెలను చేత్తో తట్టే చప్పుడు, ఒక్కోదాని దగ్గర ఒక్కో మాట: "ఇది ముదురు. ఇదీ ముదురే. నువ్వు ఉండు, వచ్చే దింపుకు. నువ్వూ ఉండు." చెట్టుతోనే మాట్లాడుతున్నారు. మర్నాడు ఆయనకు వినిపిస్తే, "ఇంత గట్టిగా అంటానా?" అని ఆ ముక్క రెండుసార్లు పెట్టించుకున్నారు. వచ్చే ఆదివారం భాగంలో ఇది వస్తుంది, ఏమీ కోయకుండా.

ఒక్క చిక్కు మిగిలింది. చెమటకు బొచ్చు తొడుగు తడిసి గట్టిపడింది, నాలుగో చెట్టుకు గొంతు మూగగా వచ్చింది. గో టూకు సరిపోయే తొడుగులు విడిగా ఎక్కడ దొరుకుతాయో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఒక అరడజను తీసుకుని చెట్టుకొకటి మార్చాలని ఉంది.