విలియమ్స్‌బర్గ్‌లో పాతవాళ్లు ఇళ్లు వదలడానికి కారణం ఎవరు: కొత్తగా దిగిన మనమా, సిటీనా?

గోదారి_కుర్రాడు:
పోయినేడు బ్రూక్లిన్‌లోని విలియమ్స్‌బర్గ్‌లో నది ఒడ్డున కొత్త టవర్‌లో అద్దెకు దిగాను. ఆఫీసు మాన్‌హట్టన్‌లో. బెడ్‌ఫోర్డ్ అవెన్యూలో ఎల్ ట్రైన్ ఎక్కితే తర్వాతి స్టేషనే మాన్‌హట్టన్. మొన్న లంచ్‌లో ఇల్లెక్కడో చెప్పగానే పక్క టీమ్ ఆవిడ మొహం మారిపోయింది. ఆవిడ అదే ఏరియాలో, సౌత్‌సైడ్‌లో పుట్టి పెరిగిన ప్యూర్టోరికన్. "మీలాంటివాళ్లు వచ్చాకే మా అమ్మ ఆ వీధి వదలాల్సి వచ్చింది" అంది. నేనెవరినీ ఖాళీ చేయించలేదు, అడిగినంత అద్దె కడుతున్నాను. ఇందులో నా తప్పెంత? ఆ ఏరియా సంగతి తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. ఓదార్పు అక్కర్లేదు.

లెక్కల_మాస్టారు:
నీ తప్పేమీ లేదు బాబూ. 1970లలో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, 1975లో సిటీ దివాలా అంచుకు చేరింది, ఓనర్లు బిల్డింగులు వదిలేసి పోయారు. ఖాళీ గోడౌన్లలోకి చవగ్గా చోటు దొరుకుతుందని ఆర్టిస్టులు వచ్చారు. వాళ్ల వెనకే బ్యాండ్లు, బార్లు. 1996లో నార్త్ 11వ వీధిలో బ్రూక్లిన్ బ్రూవరీ అనే బీరు కంపెనీ తెరిచారు. పేరు వచ్చాక మనలాంటి జీతగాళ్లు దిగారు. ఉండాలనుకునేవాళ్లు పెరిగినంతగా ఇళ్లు పెరగలేదు కాబట్టి అద్దె పెరిగింది. ఇందులో విలన్‌ని వెతకడం అనవసరం.

సౌత్‌సైడ్_అక్క:
మాస్టారూ, ఓనర్లు వదిలేసి పోయారని ఒక్క ముక్కలో దాటేశారు. వాళ్లు పోయాక ఆ బిల్డింగులను నిలబెట్టింది ఎవరు? 1972లో సౌత్‌సైడ్ జనమే లాస్ సూరెస్ అనే సంస్థ పెట్టుకుని, సిటీ చేతికొచ్చిన పాడుబడ్డ బిల్డింగులను తామే నడిపారు, బాగు చేసుకున్నారు. పిల్లలు గ్యాంగుల గొడవల్లో చచ్చిపోతుంటే 1982లో ఎల్ ప్వెంటే అనే సంస్థ మొదలైంది. నార్త్‌సైడ్ కథ ఇంకోటి. 1975లో ఖర్చు తగ్గించుకోవాలని సిటీ అక్కడి ఇంజన్ 212 అగ్నిమాపక కేంద్రాన్ని మూసేయబోయింది. అక్కడ ఉండేది ఎక్కువమంది పోలిష్ కుటుంబాలు, ఫ్యాక్టరీ పనివాళ్లు. వాళ్లే లోపలికి వెళ్లి ఫైరింజన్ కదలనివ్వకుండా నెలల తరబడి అక్కడే మకాం వేశారు. వంటా అక్కడే, పడకా అక్కడే. చివరికి సిటీ దిగొచ్చి మళ్లీ తెరిచింది. అదే కేంద్రాన్ని 2003లో మళ్లీ మూసేశారు. రెండేళ్లకే నది ఒడ్డున వేలమంది ఉండబోయే టవర్లకు అనుమతి ఇచ్చారు. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూడండి.

తమ్ముడూ, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. నువ్వు వచ్చినందుకు మీ ఆఫీసు ఆవిడ అమ్మ ఇల్లు వదల్లేదు. ఆవిడ వెళ్లిపోతే ఓనర్‌కు లాభం వచ్చేలా చట్టం ఉండేది కాబట్టి వదిలింది. ఇక్కడి పాత ఫ్లాట్లు చాలావాటికి రెంట్ స్టెబిలైజేషన్ ఉండేది. అంటే ఏటా అద్దె ఎంతవరకు పెంచవచ్చో సిటీ బోర్డు చెబుతుంది. కానీ 1990లలో ఒక వెసులుబాటు వచ్చింది. ఫ్లాట్ ఖాళీ అయ్యేసరికి చట్టం లెక్కలో నెల అద్దె 2000 డాలర్లు దాటితే ఆ ఫ్లాట్ అద్దె అదుపు నుంచి బయటపడేది. ఆ గీత తర్వాత పెరిగింది గానీ 2019 దాకా పద్ధతి మాత్రం అదే. ఖాళీ అయిన ప్రతిసారీ కొంత పెంచుకునేవాళ్లు, రిపేర్ల పేరు చెప్పి ఇంకొంత కలిపేవాళ్లు. ఇరవై ఏళ్లుగా ఉంటున్న ముసలావిడ తలుపు తాళం వేసుకుని లోపల ఉన్నంతకాలం ఓనర్‌కు నష్టం. ఆవిడ బయటికి నడిస్తే పంట పండినట్టే.

నేను 2006 నుంచి సౌత్‌సైడ్‌లోనే అద్దెకుంటున్నాను. మా బిల్డింగ్ అమ్ముడుపోయాక కొత్త ఓనర్ ముందు డబ్బు ఇస్తానని తిరిగాడు. స్పానిష్‌లో మాట్లాడే ఒకతన్ని పంపేవాడు, చేతిలో కవరు. ఒప్పుకోని ఇళ్ల పైనా కిందా రిపేర్లు మొదలయ్యాయి. మా పై అంతస్తు డొమినికన్ ఆంటీ అన్నం గిన్నె మీద మూత తీస్తే చాలు, పైకప్పు సున్నం రాలి పడేది. జనవరిలో బాయిలర్ 'చెడిపోయేది'. ఫోన్ చేస్తే మనిషిని పంపుతున్నాం అనేవాళ్లు, ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఆంటీ ఓవెన్ తలుపు తెరిచి, దాని ముందు కుర్చీ వేసుకుని మనవరాలికి హోంవర్క్ చేయించేది. రెండో చలికాలం దాటలేక పెన్సిల్వేనియాలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. కోర్టు రికార్డు చూస్తే ఆవిడ తనంతట తానే వెళ్లినట్టు ఉంటుంది. మా ఒక్క బిల్డింగ్ సంగతే అనుకోకండి. పక్క ఏరియా బుష్‌విక్ వైపు ఇద్దరు అన్నదమ్ములు తమ బిల్డింగుల్లో అద్దెకున్నవాళ్ల వంటగదులు, బాత్రూములు పగలగొట్టించి 2015లో కేసులో ఇరుక్కున్నారు. మరుసటి ఏడాది నేరం ఒప్పుకున్నారు.

లెక్కల_మాస్టారు:
అక్కా, మీరు చెప్పింది దుర్మార్గం, అందులో రెండో మాట లేదు. కానీ ఒకటి ఆలోచించండి. రిపేరు కోసం నది కింది ఎల్ ట్రైన్ సొరంగం ఏడాదికి పైగా మూస్తామని 2016లో ప్రకటించగానే ఇక్కడ అద్దెలు మెత్తబడ్డాయి. ఒక్క ఓనర్ మనసూ మారలేదు, డిమాండ్ తగ్గిందంతే. 2019 జనవరిలో ఆ మూత రద్దయింది. ఇంకో మాట: 2005 జోనింగ్ మార్పు (ఎక్కడ ఏం కట్టవచ్చో, ఎంత ఎత్తు కట్టవచ్చో చెప్పే సిటీ నిబంధనల మార్పు) అంటే అందరూ టవర్లే అనుకుంటారు. అదే ప్లాన్‌లో లోపలి వీధుల్లో చాలాచోట్ల బిల్డింగ్ ఎత్తుకు హద్దు పెట్టారు. సగం ఊరికి తాళం వేసి సగం తెరిచారు. ఆ నది ఒడ్డు ఇళ్లు కూడా లేకపోతే ఈ కుర్రాడు మీ ఆంటీ ఫ్లాట్‌కే ఎక్కువ అద్దె ఇస్తాననేవాడు.

జర్నల్_స్క్వేర్_వాసి:
జెర్సీ సిటీలోనూ ఇదే వరస. న్యూవర్క్ అవెన్యూలో మన ఇండియన్ కొట్లున్న చోటికి కాస్త దూరంలో 2017 నుంచి పెద్ద టవర్లు లేస్తున్నాయి. వాటిలో దిగుతున్నదీ మనవాళ్లే, అద్దె పెరిగిందని ఎడిసన్ వైపు జరుగుతున్నదీ మనవాళ్లే. మన తెలుగు గ్రూపుల్లో మాత్రం 'ఏరియా బాగా డెవలప్ అయింది' అన్న మాటే వినిపిస్తుంది. వెళ్లిపోయినవాళ్లు గ్రూపులోంచి కూడా వెళ్లిపోయి ఉంటారు.

సౌత్‌సైడ్_అక్క:
మాస్టారూ, ఇళ్లు కట్టాలి, ఒప్పుకుంటాను. నా గొడవంతా ఏది ముందు, ఏది వెనక అన్నదాని మీద. డోమినో చక్కెర ఫ్యాక్టరీనే తీసుకోండి. 1999 నుంచి 2001 దాకా అక్కడి కార్మికులు సమ్మె చేశారు, ఓడిపోయారు. 2004లో ఫ్యాక్టరీ మూతపడింది. 2014లో కారా వాకర్ అనే ఆర్టిస్టు అదే ఫ్యాక్టరీలో చక్కెరతో ఒక పెద్ద నల్లజాతి స్త్రీ బొమ్మ చేసింది. సింహం ఒళ్లు, మనిషి తల ఉండే స్ఫింక్స్ ఆకారంలో, గోడల మీది పాత బెల్లపు మడ్డి వాసన మధ్య. ఎక్కడెక్కడి జనమో క్యూ కట్టారు. చక్కెర వెనకున్న బానిస చాకిరీ గురించి చేసిన పని అది, నాకు చాలా గొప్పగా అనిపించింది. తర్వాత చుట్టుపక్కల షెడ్లు కూల్చారు, 2018లో పార్కు తెరిచారు, 2023లో పాత రిఫైనరీ ఆఫీసులైంది. పార్కు బాగుంటుంది, నేనూ వెళతాను. కానీ ఆ సమ్మె చేసినవాళ్లకు ఆ గేటు లోపల ఇప్పుడు పని ఉందా?

ఆర్టిస్టుల్నీ ఊరికే తిట్టొద్దు. గోడౌన్లలో అనుమతి లేకుండా కాపురమున్న వాళ్లకు రక్షణ ఇచ్చే లాఫ్ట్ చట్టం 1982లో వచ్చింది. మా వైపు బిల్డింగులకు బాగా వర్తించేలా దాన్ని సవరించింది 2010లో. అప్పటికి చాలామంది బుష్‌విక్ దాటిపోయారు. సౌత్ 2వ వీధిలో డెత్ బై ఆడియో అని చిన్న సంగీత వేదిక ఉండేది. బిల్డింగ్‌ను వైస్ మీడియా అనే మీడియా కంపెనీ ఆఫీసుకు తీసుకోవడంతో 2014లో మూసేశారు. ఏరియాకు ఏ పేరు చూసి ఆ కంపెనీ వచ్చిందో, ఆ పేరు తెచ్చినవాళ్లలో వీళ్లూ ఉన్నారు.

ఇక 2005 హామీలు. టవర్లకు బదులుగా బుష్‌విక్ ఇన్‌లెట్ పార్కు ఇస్తామన్నారు, 28 ఎకరాలు. టవర్లు లేచాయి, జనం దిగారు, పార్కులో ముఖ్యమైన స్థలం మాత్రం ప్రైవేటు గోడౌన్ కిందే ఉండిపోయింది. 2015 జనవరిలో అది రోజుల తరబడి తగలబడింది. జనం రోడ్డెక్కాక, 2016లో 16 కోట్ల డాలర్లకు కొనడానికి సిటీ ఒప్పుకుంది. తక్కువ అద్దె ఇళ్ల సంగతీ అంతే. అప్పట్లో అవి బిల్డర్ ఇష్టం, కడితే అదనపు అంతస్తులు. తప్పనిసరి చేసే నిబంధన సిటీ తెచ్చింది 2016లో. నేను చెప్పిన ఆ ఖాళీ ఫ్లాట్ వెసులుబాటును రాష్ట్రం ఎత్తేసింది 2019 జూన్‌లో. అనుమతులిచ్చిన 14 ఏళ్లకు! ఆ చట్టం 2005లో ఉండి ఉంటే మా ఆంటీ ఓవెన్ ముందు కూర్చోవాల్సిన పని ఉండేది కాదు. ఓనర్‌కు ఆవిడను తరమాల్సినంత ఆశే పుట్టేది కాదు.

గోదారి_కుర్రాడు:
అక్కా, సూటిగా అడుగుతున్నా. ఇప్పుడు నేను ఇల్లు మారితే ఎవరికైనా ఉపయోగమా?

సౌత్‌సైడ్_అక్క:
ఎవరికీ లేదు తమ్ముడూ. నీ ఫ్లాట్‌లోకి ఇంకో జీతగాడు వస్తాడు. దానికంటే ముందు నీ టవర్‌కు 421-ఎ (కొత్త బిల్డింగులకు ఇచ్చిన ఆస్తిపన్ను మినహాయింపు) ఉందేమో చూడు. ఇక్కడి టవర్లు చాలావాటికి ఇచ్చారు. ఉంటే, ఎప్పుడు కట్టారన్నదాన్ని బట్టి నీ ఫ్లాట్ కూడా రెంట్ స్టెబిలైజేషన్ కిందికి రావచ్చు. చాలామంది లీజు వెనక కాగితాలు చదవకుండా సంతకం పెట్టేస్తారు. రాష్ట్ర హౌసింగ్ శాఖను అడిగితే నీ ఫ్లాట్ పాత అద్దెల రికార్డు పంపుతారు. అప్పుడు నువ్వూ మీ ఆఫీసు ఆవిడ అమ్మా ఒకే చట్టం కింద ఉన్నవాళ్లని నీకే తెలుస్తుంది. బిల్డింగ్‌లో అద్దెదారుల సంఘం ఉంటే చేరు, లేకపోతే నలుగురిని పోగెయ్యి. రాష్ట్ర రాజధాని ఆల్బనీలో ఈ చట్టాల మీద ఓటింగ్ వచ్చినప్పుడల్లా బస్సుల్లో వెళ్లేది మావాళ్లే, టవర్లవాళ్లు ఒక్కరూ కనపడరు. ఆవిడ కోపం అందుకే అయ్యుండొచ్చు.

లెక్కల_మాస్టారు:
మరి బ్రూక్లిన్‌లోనే ఉన్న గోవానస్ ఏరియా సంగతేమంటారు? 2021లో అక్కడ జోనింగ్ మార్చి 8000కు పైగా ఇళ్లు, వాటిలో 3000 దాకా తక్కువ అద్దెవి అన్నారు. ఆ మిగతా 5000 కట్టకపోతే ఈ 3000 ఎక్కడి నుంచి వస్తాయి?

సౌత్‌సైడ్_అక్క:
గోవానస్‌లో జనం ఓటింగ్‌కు ముందే బేరం పెట్టారు మాస్టారూ. అక్కడున్న రెండు ప్రభుత్వ గృహ సముదాయాల మరమ్మతులకు 20 కోట్ల డాలర్లు ఇస్తామని సిటీతో చెప్పించాకే సరే అన్నారు. మా దగ్గర ఓటు ముందు పడింది, అడగడం తర్వాత. కాబట్టి ఆ 5000 కట్టండి, నాకేం అభ్యంతరం లేదు. ముందు ఆ అపార్ట్‌మెంట్లలో బాయిలర్లు మార్చారో లేదో చూసి రండి.