పిండిన పాలు నీళ్ళలా ఉన్నాయి, బాబుకి ప్రోటీన్ సరిపోతుందా?

కొత్తమ్మ:
బాబుకి రెండు నెలలు, 5 కిలోలు. రోజుకి 750 మి.లీ. దాకా తాగుతాడు. పంపుతో తీసిన పాలు పలచగా, కాస్త నీలంగా ఉంటున్నాయి. "వీటిలో బలమేముంది, ఆవుపాలు పట్టు" అంటున్నారు అత్తయ్యగారు. ఆవుపాలలో ప్రోటీన్ మూడింతలట కదా? నేను ప్రోటీన్ పౌడర్ తాగితే పాలు చిక్కబడతాయా? ఫ్రిజ్‌లో పెట్టిన పాలు కాచి పట్టొచ్చా?

ఉగ్గుగిన్నె:
మూడింతలన్నది నిజమే. 100 మి.లీ. ఆవుపాలలో 3.2 గ్రాములు, తల్లిపాలలో సుమారు 1 గ్రాము. కానీ ఆవుపాలు దూడ కోసం. అది నెలన్నరలో బరువు రెట్టింపవుతుంది, మన పిల్లలకి నాలుగైదు నెలలు పడుతుంది. మీ బాబుకి 750 మి.లీ.లో 7.5 గ్రాములు అందుతున్నాయి, అంటే కిలోకి 1.5. ఈ వయసుకి కావలసిందీ అంతే.

ఇక పలచదనం. పాలు విరిస్తే ముద్దకట్టేది కేసీన్, మిగిలే తేటలో ఉండేవి వే ప్రోటీన్లు. ఆవుపాల ప్రోటీన్‌లో 80 శాతం కేసీన్. తల్లిపాలలో 40 దరిదాపు, ముర్రుపాలలో ఇంకా తక్కువ. ఆ తెలుపు చాలావరకు కేసీన్, కొవ్వుల వల్ల వచ్చేదే. పొట్టలో ఆవుపాలు గట్టి గడ్డ కడతాయి, తల్లిపాలు మెత్తటి తునకలవుతాయి. అదనపు ప్రోటీన్ యూరియాగా మారి మూత్రంలో పోవాలి, దానికి నీళ్ళు ఎక్కువ ఖర్చవుతాయి. ఎండాకాలంలో జ్వరమో విరేచనాలో తోడైతే బిడ్డ ఒళ్ళు ఎండిపోతుంది. పైగా ఆవుపాలలో ఐరన్ తక్కువ, పసిపిల్లల పేగుల్లోంచి కంటికి కనపడనంత రక్తం కారేలా కూడా చేస్తాయి. నీళ్ళు కలిపి పడితే ప్రోటీన్‌తోపాటు క్యాలరీలూ పడిపోతాయి. ఏడాది నిండేదాకా వద్దు.

రంగు కాదు, తూకం చూడండి. మొదటి మూడు నెలలు రోజుకి 20-30 గ్రాములు పెరుగుతూ, ఆరుసార్లకి తగ్గకుండా మూత్రం పోస్తుంటే పాలు చాలుతున్నట్టే.

తేటనీళ్ళు:
కాచొద్దు. ఆ తేటలోనే అసలు సరుకుంది. లాక్టోఫెరిన్ అనే ప్రోటీన్ ఇనుమును పట్టేసి క్రిములకి దక్కనివ్వదు. ఐజీఏ అనే యాంటీబాడీ అరిగిపోకుండా పేగు గోడకి పూతలా నిలుస్తుంది. లైసోజైమ్ అనే ఎంజైము బాక్టీరియా గోడల్ని కోస్తుంది. దానంగా వచ్చిన తల్లిపాలను మిల్క్ బ్యాంకులో 62.5 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితేనే లాక్టోఫెరిన్ చాలావరకు పోతుంది, మరుగు సంగతి చెప్పక్కర్లేదు. మైక్రోవేవ్ ఇంకో తంటా: పాలు ఒకచోట చల్లగా, ఒకచోట నోరు కాలేలా ఉంటాయి. గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో సీసా నిలబెట్టి, పైన తేలిన మీగడ కలిసేలా మెల్లగా తిప్పితే చాలు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, తలుపు అరలో కాదు, లోపలి వైపు. బిడ్డ తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయాలి.

పౌడర్ వల్ల పాలు చిక్కబడవు. తల్లి తిండి మారినా పాలలో ప్రోటీన్ శాతం పెద్దగా కదలదు, లోటు తల్లి కండ నుంచి పూడుతుంది. ఐసీఎంఆర్ లెక్కన మొదటి ఆరు నెలలు రోజుకి 17 గ్రాములు అదనంగా కావాలి: రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు. కారప్పొడి అన్నంతో పథ్యం పెడితే నష్టపోయేది మీరే.

కొత్తమ్మ:
ఫ్రీజర్‌లోంచి తీసినవి సబ్బు వాసనొస్తున్నాయండీ, పాడైనట్టా?

తేటనీళ్ళు:
కాదండీ. పాలలోని లైపేజ్ అనే ఎంజైము, అదీ ప్రోటీనే, కొవ్వును విడగొడుతోంది. బాబు తాగితే పట్టండి. పుల్లటి వాసన వస్తే మాత్రం పారబోయండి.

ఉగ్గుగిన్నె:
చదివే మిగతావాళ్ళకి: ఇదంతా నెలలు నిండిన పిల్లల లెక్క. కిలోన్నర లోపు పుట్టినవాళ్ళకి కిలోకి 3.5-4 గ్రాములు కావాలి, తల్లిపాలు ఒక్కటే చాలవు. పిండిన పాలలో ప్రోటీన్ వగైరా పెంచే ఫోర్టిఫయర్ పొడి కలుపుతారు. ఎంత, ఎప్పటిదాకా అన్నది డాక్టరే చెప్పాలి, ఇంట్లో అంచనాగా కలపొద్దు.